అలా జరిగి ఉంటే? ఊహా ప్రశ్నల పాఠాలు – 4: ఒక్కటే మార్చండి

ముందు పోయిన పాఠం అభ్యాసం చూద్దాం. "పప్పు, పెరుగు, పచ్చడి. ఈ మూడింట్లో ఒకటి రేపటి నుంచి మీ ఇంట్లోకి రాదు. ఏది వదులుకుంటారు?" అని ఇంట్లో నలుగురిని అడగమన్నాం. అడిగితే రెండో నిమిషంలోనే ఎవరో ఒకరు "పప్పు వదిలేస్తా, సాంబారు ఉందిగా" అంటారు. ఇంకొకరు "పెరుగు వద్దు, మజ్జిగ చాలు" అంటారు. ఇక అసలు ప్రశ్న పక్కకు పోయి, సాంబారు పప్పు కిందికి వస్తుందా రాదా అన్న వాదం మిగులుతుంది. తప్పు జవాబిచ్చినవాళ్లది కాదు. ప్రశ్నకు కంచె లేదు.

"కందిపప్పు పడిన ఏ వంటా ఉండదు, పాలు తోడుపెడితే వచ్చేది ఏదీ ఉండదు" అని ఒక్క మాట కలిపి మళ్లీ అడగండి. పప్పు వదిలేస్తానన్నవాళ్లు పప్పుచారు, సాంబారు, కందిపొడి లెక్క వేసుకుంటారు. పెరుగు వదిలేస్తానన్నవాళ్లకు ఆవడ, మజ్జిగ పులుసు గుర్తొస్తాయి. వెన్న చిలికేది కూడా పెరుగులోంచే కదా అని ఎవరో అంటారు. అంటే ఇంటి నెయ్యి కూడా పోయింది. పచ్చడి ఉంచుకున్నవాళ్లు వేడన్నంలో నెయ్యి లేకుండా దాన్ని ఎలా కలుపుకోవాలో చెప్పాలి. ఆట మొదలయ్యేది ఇక్కడే. ఏమీ వదులుకోనక్కర్లేని జవాబు ఎవరైనా చెప్పగలరు. ఒకదాని కోసం ఇంకొకటి పోగొట్టుకోవలసి వచ్చినప్పుడే మనిషి ఇష్టం బయటపడుతుంది.

ఈ పాఠంలో జరిగిపోయినదాన్ని మార్చి అడిగే ప్రశ్నలు నేర్చుకుందాం. చరిత్ర, క్రికెట్, సినిమా, ఏదైనా పద్ధతి ఒకటే: ఒక్కటే మార్చాలి, మిగతాదంతా ఉన్నది ఉన్నట్టు ఉంచాలి. ఈ ఊహ చాలా పాతది. రోమన్ చరిత్రకారుడు లివీ తన రోము చరిత్ర తొమ్మిదో భాగంలో కథ ఆపి, అలెగ్జాండర్ రోము మీదికి దండెత్తి ఉంటే ఎవరు గెలిచేవారో చర్చించాడు. అలెగ్జాండర్‌ను మార్చలేదు, రోమునూ మార్చలేదు. దండయాత్ర దిక్కు ఒక్కటే మార్చి, ఇరువైపుల సేనానులను, సైన్యాలను పోల్చి, రోమే గెలిచేదని తేల్చాడు. రెండు వేల ఏళ్ల కిందటి ఆ పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది.

ముందుగా వాక్యం సరిచూసుకోండి. జరిగిపోయినదాని గురించి అడిగేటప్పుడు "వచ్చి ఉంటే... చేసేవారా?" అనాలి. "వస్తే... చేస్తారా?" అంటే వినేవాళ్లు రేపటి సంగతి అనుకుంటారు. కాదనే ప్రశ్నల్లో ఈ పొరపాటు ఎక్కువ. "మిరపకాయ రాకపోతే ఏం తింటారు?" అన్నారంటే ఈ వారం సంతకు సరుకు రాలేదేమో అనిపిస్తుంది. "రాకపోయి ఉంటే ఏం తినేవారు?" అంటే కాలం స్పష్టంగా వెనక్కి వెళుతుంది. ఇక ప్రశ్న చివర "ఏమయ్యేది?" అని ఎప్పుడూ పెట్టొద్దు. దానికి జవాబు ఏదైనా కావచ్చు, అందుకే ఏదీ రాదు. "ఏది", "ఎవరు", "ఎంత", "ఎక్కడ" అన్న మాటలతో గానీ, ఎంచుకోక తప్పని "చేసేవారా?"తో గానీ ముగించండి. మొత్తం ప్రశ్న రెండు వాక్యాలు దాటకూడదు. ఒక్క ఊపిరిలో చదవలేని ప్రశ్నను మళ్లీ చెప్పమంటారు, రెండోసారికి ఊపు పోతుంది.

ఇప్పుడు ఒక ప్రశ్నను చిత్తు నుంచి తయారు చేద్దాం. కాగితం దగ్గర పెట్టుకోండి.

మొదటి చిత్తు: "మిరపకాయ మన దేశానికి రాకపోయి ఉంటే ఏమయ్యేది?" జవాబు: "చప్పగా తినేవాళ్లం." నాలుగు సెకన్లలో అయిపోయింది. విషయం మంచిదే, ప్రశ్న మంచిది కాదు. దాన్ని బాగు చేయాలంటే అసలు ఏం జరిగిందో తెలియాలి. మిరప పుట్టిల్లు అమెరికా ఖండాలు. 1492లో కొలంబస్ అటు వెళ్లేదాకా ఆసియాలో మిరప రుచి ఎవరికీ తెలియదు. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరాక, పోర్చుగీసుల రాకపోకలతో అది మన తీరానికి వచ్చింది. అంటే శ్రీనాథుడు పల్నాడులో జొన్నకూడు తిన్న రోజుల్లో ఆ నేల మీద ఒక్క మిరప మొక్క కూడా లేదు. ఈరోజు గుంటూరు మిర్చి యార్డుకు సరుకు పంపే ప్రాంతాల్లో పల్నాడు ఒకటి. ప్రశ్న అడిగే ముందు ఈ ఒక్క సంగతి చెప్పండి, వినేవాళ్లు నిటారుగా కూర్చుంటారు. అసలు విషయం తెలియకుండా ఊహ ప్రశ్న వేస్తే అది గాలిలో ఉంటుంది.

రెండో చిత్తులో కంచె వేయాలి. టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, జీడిమామిడి, జామ, బొప్పాయి, మొక్కజొన్న కూడా ఆ ఖండాలవే. ఇవన్నీ రాలేదనుకోవాలా, మిరప ఒక్కటే రాలేదనుకోవాలా? ఏదో ఒకటి మీరే ముందు తేల్చాలి. అన్నీ తీసేస్తే పల్లీ చట్నీ పోతుంది, టమాటా పప్పు పోతుంది, బంగాళాదుంప వేపుడు పోతుంది, ఉప్మాలో జీడిపప్పు పోతుంది. పోయినవాటి జాబితా చదవడంతోనే పది నిమిషాలు గడిచిపోతాయి, ఎంచుకునేది ఏమీ ఉండదు. అందుకే మిరప ఒక్కటే తీయండి.

మూడో చిత్తులో పరిధి తగ్గించాలి. దేశమంతా కాదు, వంటంతా కాదు, ఒక్క జాడీ. ఆవకాయ తీసుకుందాం. మామిడి ముక్కలు మనవే. ఆవపిండి, మెంతులు, నువ్వుల నూనె, ఉప్పు ఉంటాయి. కారం ఒక్కటే లేదు. అప్పుడు జాడీలో ఘాటు పూర్తిగా పోదు, ఎందుకంటే ఆవపిండి ఉంది. ఆవఘాటు పిండికి తడి తగిలాక లేస్తుంది, ముక్కుకెక్కుతుంది, కాసేపట్లో దిగిపోతుంది. మిరప మంట అలా కాదు. నాలుక మీద పడి గొంతులోకి దిగి, ఇంకో ముద్ద పెరుగన్నం తినేదాకా వదలదు. అంటే ఘాటున్న ఆవకాయ ఉండేది, మండే ఆవకాయ ఉండేది కాదు. రంగు కూడా ఎరుపు కాదు, ఆవపిండి పసుపు. మంట కావాలంటే మిరియాలు, పిప్పళ్లు ఉన్నాయి. కానీ మిరియం తీగ పశ్చిమ కనుమల తేమలో పెరిగే పంట. మైదానంలో ఉన్నవాళ్లు కొనుక్కోవాలి. మిరప అయితే పెరట్లో నాటిన కొన్ని నెలలకే కాయ కోయవచ్చు. అంటే మిరప రాకపోయి ఉంటే కారం తినే అలవాటు డబ్బున్న ఇళ్లకే పరిమితమై ఉండేదేమో. ప్రశ్నలో అసలు పస ఇక్కడుంది, మొదటి చిత్తులో దీని జాడే లేదు.

నాలుగో చిత్తు: "ఓడల్లో అన్నీ వచ్చాయి, మిరపకాయ ఒక్కటి రాలేదు. మీ ఇంటి ఆవకాయలో ఆవపిండి రెట్టింపు చేసేవారా, డబ్బు పెట్టి మిరియాలు వేసేవారా?" రెండే వాక్యాలు. ఎంచుకోవడానికి రెండు దారులున్నాయి, ఒకదానికి ఖర్చుంది. "మిరియాల డబ్బు ఇంట్లో దేన్లోంచి మిగిల్చేవారు?" అన్నది దీనికి కొసరు ప్రశ్న. కొసరును ముందే బయటపెట్టకండి. మాట చల్లబడినప్పుడు తీయాలి. ప్రతి ప్రశ్నకూ ఒక కొసరు సిద్ధంగా ఉండాలి, రెండు అక్కర్లేదు.

క్రికెట్‌లో పని ఇంకా సులువు, అంకెలు అప్పటికే రాసి ఉంటాయి. 1983 జూన్ 25, లార్డ్స్. 60 ఓవర్ల ఆట, మనం 183కి ఆలౌట్. వెస్టిండీస్ స్కోరు 57 దగ్గర మదన్‌లాల్ బంతికి రిచర్డ్స్ కొట్టిన షాట్‌ను కపిల్‌దేవ్ వెనక్కి పరుగెత్తి పట్టాడు. రిచర్డ్స్ 33 పరుగులకు వెనుదిరిగాడు, వాళ్లు 140కే ముగించారు. "మనం ఆ కప్పు ఓడిపోయి ఉంటే?" అన్నది చెడ్డ ప్రశ్న. ఓటమికి దారులు పది ఉంటాయి, ఏ దారో చెప్పలేదు. "ఆ క్యాచ్ జారి ఉంటే, కెప్టెన్‌గా మీరు మదన్‌లాల్‌కు ఇంకో ఓవర్ ఇచ్చేవారా?" అనండి. మార్పు ఒక్క క్షణానికి కుదించుకుపోయింది. ఇక గెలవడానికి వాళ్లకు ఇంకో 127 పరుగులు కావాలి, రిచర్డ్స్ ఊపు మీదున్నాడు, నిర్ణయం మీ చేతిలో ఉంది. చరిత్ర ప్రశ్నల్లోనూ ఇదే పాటించండి. యుద్ధాన్ని కాదు, యుద్ధంలో ఒక గడియను మార్చండి. ఊహ కూడా మహా అయితే పది, ఇరవై ఏళ్ల దాకా వెళ్లాలి. తళ్లికోట యుద్ధం 1565లో మరోలా ముగిసి ఉంటే 1566లో హంపి బజారులో ఏం అమ్మేవారని అడిగితే ఆలోచనకు ఆధారం దొరుకుతుంది. ఈనాటి బెంగళూరు ఎలా ఉండేదని అడిగితే ఎవరి నోటికొచ్చింది వాళ్లు చెబుతారు.

సినిమా, సాహిత్యం దగ్గర చిన్న తేడా ఉంది. అక్కడ జరిగినదాన్ని మార్చడం కంటే, కథలోని ఒక వస్తువునో మనిషినో మన మధ్యకు తేవడం బాగా పండుతుంది. 1957 నాటి 'మాయాబజార్'లో ప్రియదర్శిని పెట్టె తెరిచినవాళ్లకు తమకు ప్రియమైనది కనిపిస్తుంది. "మీకు ఎవరు కనిపిస్తారు?" అని అడిగితే అందరూ మర్యాదకు "మా అమ్మ" అంటారు. కంచె మార్చండి: "పెట్టె మీ హాల్లో ఉంది, మీరు తెరిస్తే ఇంట్లో అందరికీ కనిపిస్తుంది. తెరుస్తారా?" ఇప్పుడు ఏం కనిపిస్తుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. తెరవడం, తెరవకపోవడమే జవాబు.

మనిషిని తెచ్చేటప్పుడు స్వభావాన్ని తేవాలి, వేషాన్ని కాదు. 'కన్యాశుల్కం'లో గిరీశం వెంకటేశానికి చదువు చెప్పే నెపంతో వాళ్ల ఊరికి చేరతాడు. "గిరీశం ఈ కాలంలో ఏ ఫోన్ వాడేవాడు?" అన్నది వేషం గురించిన ప్రశ్న. "ఈ కాలంలో ఏ చదువు చెబుతానని ఆ ఇంట్లో చేరేవాడు?" అన్నది స్వభావం గురించిన ప్రశ్న. నాటకం చదివినవాళ్లు ఈ రెండో ప్రశ్నను వదలరు. చదవనివాళ్లున్న చోట మాత్రం ఇది వేయొద్దు, ఉద్యోగాల కోసం విదేశాల్లో స్థిరపడ్డ కుటుంబాల్లో పిల్లలు పక్కకు జరిగి కూర్చుంటారు. వాళ్లకు ఆవకాయ ప్రశ్న సరిపోతుంది, జాడీ వాళ్ల ఫ్రిజ్‌లోనూ ఉంటుంది.

కొన్ని ప్రశ్నలు ఎంత బాగా అల్లినా పనికిరావు. జవాబు తేలిపోయిన ప్రశ్న అందులో ఒకటి. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్నది 2015 జూలై నుంచి దేశమంతటినీ ఊహల్లో ముంచిన ప్రశ్న. 2017 ఏప్రిల్ 28న రెండో భాగం వచ్చిన రోజు నుంచి అది క్విజ్ ప్రశ్న. ఇద్దరు హీరోలను ఎదురెదురుగా నిలబెట్టే ప్రశ్న కూడా వద్దు, అభిమానులు జవాబు ముందే తెచ్చుకుంటారు. రాజధానుల ప్రశ్నలూ అంతే. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం కర్నూలు రాజధానిగా ఏర్పడింది, 1956 నవంబర్ 1న రాజధాని హైదరాబాద్‌కు మారింది. ఊహకు మంచి మలుపే. కానీ ఇప్పుడు నలుగురిలో అడిగితే జవాబు ఆటలోంచి రాదు, ఓటులోంచి వస్తుంది. ఒంటరిగా రాసుకుని ఆలోచించడానికి ఉంచుకోండి.

అడిగే తీరు గురించి రెండు మాటలు. ఐదారుగురు ఉంటే ఒక్కో ప్రశ్నకు ఎనిమిది నుంచి పది నిమిషాలు సరిపోతుంది. అడిగాక అర నిమిషం ఎవరూ మాట్లాడకూడదు, జవాబు చీటీ మీద ఒక్క మాటలో రాయాలి. చీటీలు లేకపోతే పెద్దాయన ముందు చెప్పేస్తారు, మిగతావాళ్లు "నేనూ అదే" అంటారు. విప్పేటప్పుడు అందరికంటే చిన్నవాళ్లతో మొదలుపెట్టండి. అన్ని చీటీల్లోనూ ఒకే జవాబు వస్తే ప్రశ్నలో ఒక దారికి ఖర్చు లేదని అర్థం. జవాబుల కంటే "ఇది లెక్కలోకి వస్తుందా?" అన్న సందేహాలు ఎక్కువ వస్తే కంచె తక్కువైంది. అందరూ "తెలియదు" అని రాస్తే మీరు చెప్పాల్సిన అసలు సంగతి చెప్పలేదు. చెడిన ప్రశ్నను అక్కడే సాగదీయొద్దు, చీటీ వెనక ఏం చెడిందో రాసుకుని ఇంకోటి అడగండి.

ఈ వారం అభ్యాసం. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది, ఆర్థర్ కాటన్ కట్టించాడు. "కాటన్ రాకపోయి ఉంటే గోదావరి జిల్లాలు ఏమయ్యేవి?" అన్న చిత్తును నాలుగు మెట్లలో బాగుచేయండి. మనిషినే తీసేయాలా, ఆనకట్టను పదేళ్లు ఆలస్యం చేయాలా అన్నది ముందు తేల్చుకోండి. రెండో దారి కష్టం, అదే పట్టండి. ఒక్క ఊరు, ఒక్క పొలం, ఒక్క పంటకాలం దాకా కుదించండి. ఆ తర్వాత కొసరు ప్రశ్న ఒకటి రాసి, దాన్ని మాత్రం వేరే కాగితం మీద ఉంచండి. వచ్చే పాఠంలో కొసరు ప్రశ్నలే పట్టుకుంటాం, ఆ కాగితం అప్పుడు కావాలి.