తగ్గిన నడుము తగ్గినట్టే ఉండాలంటే

తెనాలిలో ఆడవాళ్ల బట్టలు కుట్టే షాపు నాది. సన్నబడ్డాం, జాకెట్టు సైడు కుట్లు లోపలికి వేయమని మురిసిపోతూ వచ్చినవాళ్లలో చాలామంది ఏడాది తిరక్కుండానే అదే జాకెట్టు తెచ్చి కుట్లు విప్పమంటారు. అడిగితే అందరిదీ ఒకటే కథ. మూడు నెలలు అన్నం ముట్టలేదక్కా, ఓట్స్ తిన్నాను, ఏదో పొడి కలుపుకుని తాగాను, పది కిలోలు తగ్గాను, ఆపగానే మళ్లీ వచ్చేసింది. నేనూ 78 కిలోల నుంచి 64కి దిగినదాన్నే. కొన్నేళ్లుగా అటూ ఇటూగా అక్కడే ఉంటున్నాను, అదీ రోజంతా మిషన్ ముందు కూర్చునే పనిలో. ఇంట్లో అందరికీ వండేదే నేనూ తింటాను, కొలత మార్చి తింటాను. జన్మంతా తినగలిగేది ఆ వంట ఒక్కటే మరి.

ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. తగ్గిన ఒంటికి మునుపటంత తిండి అక్కర్లేదు. పైగా ఆకలి పెరుగుతుంది. బరువు తగ్గాక ఆకలి పుట్టించే హార్మోన్లు పెరిగి, చాలు అని చెప్పేవి తగ్గుతాయి. అది మన నోటి చాపల్యం కాదు, ఒంటి తీరే అంత. అందుకే "ఇక మామూలుగా తినొచ్చు" అనుకున్న రోజు నుంచే పోయిన కిలోలు తిరుగు ప్రయాణం కడతాయి. ఆ మామూలు తిండినే మార్చుకోవాలి.

మన భోజనంలో అన్నం ఒకసారి పెట్టుకునే అలవాటు లేదు. పప్పులోకి ఒకసారి, కూరలోకి ఒకసారి, చారులోకి, పెరుగులోకి... చారు మిగిలిందని అన్నం, అన్నం మిగిలిందని పెరుగు. ఎంత తిన్నామో లెక్క తెలియదు. దీనికి నేను చేసే పని: అన్నం మొత్తం ఒక్కసారే కంచంలో పెట్టుకుని, ముందుగా పెరుగులోకి కావాల్సింది ఓ పక్కకి జరిపేస్తాను. మిగిలినదాంట్లోనే పప్పూ కూరా చారూ సర్దుకోవాలి. కరెంటు కుక్కర్‌తో పాటు వచ్చే కప్పులో దాదాపు 150 గ్రాముల బియ్యం పడతాయి. ఒక పూటకు నాకు ఆ కప్పులో సగం చాలు, అంటే సుమారు 260 క్యాలరీలు. రాత్రికి ఇంకొంచెం తక్కువ.

అన్నం తగ్గించి ఆ ఖాళీ అలాగే వదిలేస్తే సాయంత్రం నాలుగింటికి మిర్చి బజ్జీల బండి దగ్గర తేలతాం. ఆ ఖాళీని పప్పూ కూరలతో నింపాలి. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2000 క్యాలరీల రోజుకు చెప్పిన కొలతలు ఇవి: ధాన్యాలు 250 గ్రాములు, పప్పుదినుసులు 85, పండ్లు 100, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400. నాలాంటి కూర్చుని పనిచేసే ఆడమనిషికి రోజుకు 2000 కూడా ఎక్కువే. కాబట్టి ధాన్యం తగ్గించుకోవచ్చు గానీ కూరలూ పప్పూ తగ్గించకూడదు. మనిషికి 400 గ్రాముల కూరలంటే నలుగురున్న ఇంటికి రోజుకు కిలోన్నర పైనే. మనం అరకిలో బీరకాయలు తెచ్చి నలుగురం రెండు పూటలా సర్దుకుంటాం! నేనిప్పుడు రైతుబజారు నుంచి మునుపటికి రెట్టింపు తెస్తున్నాను. గోంగూర పప్పయినా తోటకూర పప్పయినా ఆకు ఎక్కువ, పప్పు చిక్కగా. అన్నం కలిపే ముందు నాలుగు ముద్దల కూర ఉత్తిదే తినేస్తాను. ఉత్తి కూర తినాలంటే ఉప్పూ కారం కాస్త తక్కువ వేసి వండాలి, అది అలవాటవడానికి కొన్ని వారాలు పడుతుంది.

నూనె సంగతి కొంచెం వివరంగా చెప్తాను, అందరం దెబ్బ తినేది ఇక్కడే. గ్రాము పిండిపదార్థంలో 4 క్యాలరీలుంటే గ్రాము నూనెలో 9. ఆ సంస్థ లెక్కలోనే రోజుకు మనిషికి నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు. నలుగురికి నెలకు వేసి చూడండి, లీటరు ప్యాకెట్లు సుమారు మూడున్నర వస్తాయి. ఒకటో తారీఖున ఆ మూడున్నరే పక్కన పెట్టుకుంటే ఇరవయ్యో తారీఖుకే ఇంటి గుట్టు తెలిసిపోతుంది. వేపుళ్లు మానక్కర్లేదు, పద్ధతి మారిస్తే చాలు. దొండకాయలు సన్నగా చక్రాల్లా తరిగి, వెడల్పాటి మూకుట్లో ఉప్పు చల్లి, చేత్తో కాసిని నీళ్లు చిలకరించి, మూత పెట్టి సన్న సెగ మీద మగ్గనివ్వాలి. ముక్క మెత్తబడి నీరు ఇగిరాక మూత తీసేసి, అప్పుడు నూనె అంచుల వెంట వేయాలి, అరకిలో ముక్కలకు మూడు చెంచాలు. సెగ పెంచి ఎర్రబడేదాకా కదిపీ కదపకుండా వేయించి, చివర్లో వెల్లుల్లి కారం చల్లడమే. మొదటే నూనె పోస్తే పచ్చి ముక్క ఎంతైనా తాగుతుంది. ఆవకాయ విషయంలో మాత్రం నేనేమీ చెప్పను, ముక్క వేసుకుని పైన తేలే నూనె జాడీలోనే ఉంచండి.

టిఫిన్ ఇంట్లో పెసరట్టు, ఇడ్లీ, ఉడికించిన గుడ్డు, ఏదైనా ఫర్వాలేదు. పెసరట్టులో ఉప్మా పెట్టుకుంటే అది రెండు టిఫిన్లు, అంతే. పల్లీ చట్నీ గిన్నెతో కాకుండా చెంచాతో వేసుకోండి. షాపులో టీ ఎన్నిసార్లు వస్తుందో చెప్పలేను. మానలేక పంచదార మానేశాను, గ్లాసుకు రెండు చెంచాలంటే ఎంత లేదన్నా 35 క్యాలరీలు.

పెళ్లిళ్ల సీజన్లో నాకు పని ఎక్కువ, పిలుపులూ ఎక్కువే. విందుకు వెళ్లే రోజు పొద్దున పస్తుండి వెళ్తే అక్కడ రెట్టింపు తింటాం. మజ్జిగా ఓ పండూ పడేసుకుని వెళ్తాను. వడ్డించేవాళ్లు మొహమాటపెడితే "ఆకులోది అయ్యాక అడుగుతాలే వదినా" అంటాను. బొబ్బట్టు తినాలనుంటే బిర్యానీ వదిలేస్తాను, రెండూ కావాలంటే ఆ రాత్రికి మజ్జిగే. సంక్రాంతి అరిసెలు భోజనం చివర్లో ఒకటి, అన్నం ఆ మేరకు తగ్గించి. సాయంత్రం టీతో డబ్బా తెరిస్తే ఒకటితో ఆగదు, ఎవరికైనా అంతే.

ఇక కొలత. నైటీ, లెగ్గింగ్, లంగా నాడా, మూడూ అబద్ధాలు చెప్తాయి, మనం పెరిగిన కొద్దీ సాగుతాయి. వారానికోసారి పరగడుపున టేపు పెట్టండి. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన, ఊపిరి వదిలాక, టేపు బిగించకుండా. మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటకూడదంటారు. అంగుళాల్లో ముప్ఫై ఒకటిన్నర, ముప్ఫై అయిదున్నర. కాటా మీద ఒక కిలో అటూ ఇటూ అయితే టెన్షన్ పడొద్దు, ముందు రోజు తిన్న ఉప్పుకు నీరు నిలిచినా అంత చూపిస్తుంది. రెండు కిలోలు పెరిగి రెండు వారాలు దిగకపోతే అప్పుడు కదలాలి. పండ్లరసాలతో ఉపవాసాలేమీ వద్దు. రాత్రి అన్నం సగానికి సగం చేసి పప్పూ కూరా పెంచడం, బయటి టిఫిన్ ఆపడం, షాపు మూశాక అరగంట నడవడం. నాకు అవి చాలు. సుగర్ మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా అన్నం తగ్గించొద్దు, సుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు.

శనివారం ఒంటిపూట ఉండేవాళ్లకు ఇంకొక్క మాట. రాత్రి అన్నం మానేసి నాలుగు పూరీలు, బంగాళదుంప కూర తింటే అన్నమే నయం. ఆ రాత్రికి రెండు ఇడ్లీలు, గిన్నెడు సాంబారు, ఓ జామకాయ పెట్టుకోండి.