చప్పుడు చేయని గ్రాఫిక్స్ కార్డు: హైదరాబాదు ఎండలకు తగిన ఎంపిక

కంప్యూటర్ ఆటల దృశ్యాలను గీసే ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కొనబోయేవారు సాధారణంగా రెండే విషయాలు విచారిస్తారు: ఆట ఎంత వేగంగా నడుస్తుంది, ధర ఎంత. చప్పుడు సంగతి కార్డు ఇంటికి చేరి, అర్ధరాత్రి పక్క గదిలోనివారు విసుక్కున్నప్పుడు గాని గుర్తుకు రాదు. ఫ్యాను మోత ఎక్కువగా ఉందన్న కారణంతో సరుకు వెనక్కి తీసుకునే దుకాణం దొరకడం కష్టం కనుక, ఈ విచారణ కొనకముందే జరగాలి.

కార్డు ఎంత చప్పుడు చేస్తుందన్నది ప్రధానంగా మూడింటిపై ఆధారపడి ఉంటుంది: అది తీసుకునే వాట్లు, ఆ వేడిని మోసే హీట్‌సింక్ పరిమాణం, దాన్ని ఉంచిన గదిలోని వేడి. ఫ్యాన్లు రెండా మూడా, వాటి రెక్కలు ఏ ఆకారంలో ఉన్నాయి అన్నవి ఆ తరువాతి విషయాలు. రంగురంగుల లైట్ల సంగతి సరేసరి.

ముందుగా వాట్లు చూద్దాం. ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 5090కు నిర్ణయించిన పరిమితి 575 వాట్లు, 5080కి 360, 5070 టీఐకి 300. ఏఎండీ వైపు రేడియన్ ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీకి 304 వాట్లు, 9070కి 220. కార్డు తీసుకున్న కరెంటు అంతా చివరకు వేడిగా మారి గదిలోకే వస్తుంది. ఒక టన్ను ఏసీ బయటకు నెట్టగలిగే వేడి సుమారు 3,500 వాట్లు. 5090 ఉన్న కంప్యూటర్ పూర్తి వేగంతో నడుస్తున్నప్పుడు ప్రాసెసర్, మానిటర్లతో కలిపి దాదాపు ఐదో వంతు పని ఆ ఏసీకి అదనంగా అప్పగిస్తుంది. అందుకే నిశ్శబ్దం మొదటి కోరికగా ఉన్నవారికి, గదిలో మంచి ఏసీ ఉంటే తప్ప, 5090ని నేను సిఫారసు చేయను. ఎక్కువ స్పష్టత ఉన్న 4కె మానిటర్‌పై ఆడేవారికి 5080, స్పష్టతలో అంతకన్నా ఒక మెట్టు తక్కువైన 1440పి మానిటర్‌పై ఆడేవారికి 5070 టీఐ లేదా 9070 ఎక్స్‌టీ సరిపోతాయి. ఈ మూడింటికీ 16 జీబీ మెమరీ ఉంది.

ఇక్కడే హైదరాబాదు వాతావరణం లెక్కలోకి వస్తుంది. మనం చదివే సమీక్షల్లో చాలావరకు 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండే గదుల్లో చేసినవి. ఏప్రిల్, మే నెలల్లో బయట 40 డిగ్రీలు దాటినప్పుడు, ఏసీ లేని పై అంతస్తు గది పగలంతా కాగిన స్లాబు కింద రాత్రి పదింటికి కూడా 34, 35 డిగ్రీల దగ్గరే ఉంటుంది. గది వేడి ఎన్ని డిగ్రీలు పెరిగితే, అదే ఫ్యాను వేగం దగ్గర కార్డు వేడి కూడా దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. దాన్ని మళ్లీ కిందికి దించడానికి ఫ్యాన్లు వేగం పెంచుకుంటాయి. అందువల్ల సమీక్షలో 65 డిగ్రీల దగ్గర మెల్లగా తిరిగిన కార్డు మన గదిలో అంత నెమ్మదిగా ఉంటుందనుకోకూడదు. సమీక్షలో చూడవలసినది అత్యల్ప ఉష్ణోగ్రత కాదు, ఎంత వేగంతో తిరిగే ఫ్యాన్లతో ఆ ఉష్ణోగ్రత సాధించారన్నది. నిమిషానికి 1,200 చుట్లతో 65 డిగ్రీల దగ్గర నిలిచిన కార్డుకు మన వేసవిని తట్టుకునే మిగులు ఉంది. 2,000 చుట్లతో అదే 65 సాధించినదానికి లేదు. డెసిబెల్ అంకెలను మాత్రం ఒకే సమీక్షకుని పట్టికలోనే పోల్చుకోవాలి, ఎందుకంటే ఒకరు అర మీటరు నుంచి, మరొకరు మీటరు నుంచి కొలుస్తారు. దూరం రెట్టింపయితేనే సుమారు 6 డెసిబెళ్ల తేడా వస్తుంది.

ఫ్యాను వేగాన్ని సగానికి తగ్గిస్తే చప్పుడు దాదాపు 15 డెసిబెళ్లు తగ్గుతుంది. పది తగ్గితేనే చెవికి సగమైనట్టు అనిపిస్తుంది. హీట్‌సింక్ పెద్దదయ్యే కొద్దీ ఫ్యాన్లు నెమ్మదిగా తిరిగినా సరిపోతుంది కనుక, ఒకే చిప్‌తో వచ్చే రకాల్లో మందమైనదాన్ని ఎంచుకోవడం మంచిది. ఆసుస్, ఫ్యాన్ల కంపెనీ నాక్టువా కలిసి చేసే కార్డులు ఈ సూత్రాన్ని చివరిదాకా తీసుకెళ్లినవి. వాటిలో సాధారణ కేబినెట్ ఫ్యాన్ల వంటి 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు ఉంటాయి, మందం నాలుగు స్లాట్ల దాకా, అంటే కేబినెట్‌లో నాలుగు కార్డులకు సరిపడే చోటు దాకా, పోతుంది. అంత ఖర్చు వద్దనుకుంటే, అంచున చిన్న బయోస్ స్విచ్ ఉన్న రకం చూడండి. ఆసుస్ టఫ్, ఎంఎస్‌ఐ సుప్రీమ్ వంటి వాటిలో ఆ స్విచ్‌ను నిశ్శబ్దం వైపు జరిపితే ఫ్యాన్లు తక్కువ వేగంతో నడుస్తాయి, కార్డు కొన్ని డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. కంప్యూటర్ ఆపి ఉన్నప్పుడే దాన్ని జరపాలి.

ఫ్యాను మోత తగ్గిన కొద్దీ మరో చప్పుడు బయటపడుతుంది. కార్డుపై ఉండే కాయిల్స్ కరెంటు హెచ్చుతగ్గులకు కంపించి సన్నని ఈల వేస్తాయి. దీన్ని కాయిల్ వైన్ అంటారు. ఇది కార్డు కార్డుకూ మారుతుంది, ఒకే మోడల్‌లో కూడా ఒకటి మౌనంగా, మరొకటి గీపెడుతూ ఉండవచ్చు కనుక సమీక్ష చదివి తేల్చుకోలేము. ఆట మొదటి మెనూలో ఫ్రేములు, అంటే సెకనుకు గీసే దృశ్యాలు, వందల్లోకి పరుగెత్తినప్పుడు ఇది బాగా వినిపిస్తుంది. ఫ్రేములను మానిటర్ రిఫ్రెష్ రేటుకు కాస్త తక్కువగా, అంటే 144 హెర్ట్జ్ మానిటరుకు 140 దగ్గర, డ్రైవర్ సెట్టింగ్స్‌లోనే కట్టేస్తే చాలా సందర్భాల్లో ఈల తగ్గుతుంది, వాట్లూ తగ్గుతాయి.

కేబినెట్‌కు ముందు భాగం జాలీగా ఉండాలి. అద్దం బిగించి గాలిని అడ్డుకునే రకంలో ఎంత మంచి కార్డు పెట్టినా మోత తప్పదు. మన ఊరి దుమ్ముకు ఫిల్టర్లు కొద్ది వారాల్లోనే బూడిద రంగు పొరతో మూసుకుపోతాయి కనుక, ఊడదీసి కడుక్కునే వీలున్నవి తీసుకోవాలి. పెద్ద కార్డుల పొడవు 33 సెంటీమీటర్లకు పైగా ఉంటుంది. ముందు ఫ్యాన్ల మందం తీసివేసి లోపలి చోటు టేపుతో కొలవండి.

కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ విషయంలో ఎన్‌విడియా సూచన 5080కి 850 వాట్లు, 5070 టీఐకి 750. సగం భారంతో నడిచే ఎస్‌ఎంపీఎస్ తన ఫ్యానును నెమ్మదిగా తిప్పుతుంది కనుక, ఒక మెట్టు పైది కొనడం దుబారా కాదు. కార్డుకు కరెంటు ఇచ్చే 16 పిన్నుల కేబులును ఖాళీ కనబడనంతవరకు లోపలికి నొక్కి, మొదటి మూడున్నర సెంటీమీటర్లలో వంచకుండా చూడాలి. ఇళ్లలో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది సుమారు 360 వాట్లే. 5080 ఒక్కటే అంత తీసుకుంటుంది.

కార్డు బిగించిన తరువాత చేయవలసిన పని పవర్ లిమిట్, అంటే కార్డు తీసుకోగల వాట్ల పరిమితి, తగ్గించడం. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో దాన్ని 80 శాతానికి దించితే 5080 దాదాపు 290 వాట్లతో సరిపెట్టుకుంటుంది, చాలా ఆటల్లో తగ్గే వేగం పది శాతంలోపే ఉంటుంది. అదే చిప్‌ను తక్కువ వోల్టేజీతో నడిపించే అండర్‌వోల్టింగ్‌కు మరికాస్త ఓపిక కావాలి గాని, ఆ కొద్ది నష్టం కూడా లేకుండా చేయగలదు. పని లేనప్పుడు ఫ్యాన్లు పూర్తిగా ఆగే సదుపాయం ఈనాటి కార్డుల్లో మామూలే. అయితే వేసవిలో కార్డు 50, 55 డిగ్రీల చుట్టూ ఊగిసలాడుతూ, ఫ్యాన్లు నిమిషానికోసారి లేచి ఆగుతూ ఉంటే నిలకడైన మోత కన్నా అదే ఎక్కువ చికాకు. ఆ నెలల్లో ఆ సదుపాయాన్ని తీసేసి, ఫ్యాన్లను 30 శాతం దగ్గర నిలకడగా తిరగనివ్వండి. పైన సీలింగు ఫ్యాను తిరుగుతుండగా అది వినిపించదు. సీలింగు ఫ్యాను ఆపేసే డిసెంబరులో గది చల్లగా ఉంటుంది కనుక మళ్లీ పెట్టుకోవచ్చు.

కొనుగోలుకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అంటే అందరూ సీటీసీ అని పిలిచేది, ఒకసారి తిరిగి రావడం ఉపయోగం. ఆన్‌లైన్ ధరతో పోల్చేటప్పుడు చెప్పిన ధరలో 18 శాతం జీఎస్టీ కలిసి ఉందో లేదో ముందే అడగండి. అక్కడి రద్దీలో చప్పుడు పరీక్ష సాధ్యం కాదు, కానీ కార్డు మందం, బయోస్ స్విచ్ కళ్లారా చూసుకోవచ్చు. వారంటీకి సర్వీస్ సెంటర్ నగరంలోనే ఉందా, లేక కార్డును వేరే ఊరికి పంపాలా అన్నది విచారించి, జీఎస్టీ బిల్లుపై కార్డు సీరియల్ నంబరు రాయించుకుని, పెట్టె మీది నంబరుతో సరిచూసుకున్న తరువాతే డబ్బు చెల్లించండి.