పోలీసులకు మత్తు పరీక్ష: విచారణలో నిలబడేలా ఎలా చేయాలి

నడిరోడ్డు మీద జనం చేత గొట్టం ఊదించే శాఖ తనవాళ్ల చేత ఊదించకపోతే, అడిగేవాళ్లకు చెప్పడానికి జవాబుండదు. ఆర్టీసీ డిపోలో డ్యూటీ ఎక్కే డ్రైవర్ ఊదాల్సిందే. పంజాబ్ 2018లో పోలీసులతో సహా ప్రభుత్వ ఉద్యోగులందరికీ డోప్ టెస్ట్ (మత్తుమందుల పరీక్ష) తప్పనిసరి అని ఆదేశించింది. తప్పనిసరి చేయాల్సిందే. అయితే అరకొరగా చేసిన పరీక్ష విచారణలో వీగిపోతుంది, ఆ తర్వాత జిల్లాలో ఆ మాట ఎత్తేవాడుండడు.

ముందు లిఖిత ఉత్తర్వు ఉండాలి. ఎవరికి, ఎప్పుడు, హద్దు ఎంత, నిరాకరిస్తే ఏమవుతుంది, అన్నీ అందులో రాయాలి. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్‌లో 100 మి.లీ. రక్తానికి 30 మి.గ్రా. అన్నది బండి నడిపేవాడికి పెట్టిన హద్దు. తుపాకీ పట్టేవాడికి సున్నాయే సరైనది, పైలట్లకు ఉన్నదీ అదే.

ఆయుధం తీసుకునేవారు, డ్రైవర్లు, ఎస్కార్టు సిబ్బంది ప్రతి డ్యూటీకి ముందు ఊదాలి. మత్తుమందుల కోసం చేసే మూత్ర పరీక్షకు మాత్రం, శాఖ సిబ్బందికిచ్చే జనరల్ నంబర్లతో లాటరీ తీయాలి, అందులో ఎస్పీ నంబరూ ఉండాలి. పేర్లు ఎంచే పని ఎస్‌ఐకి అప్పగిస్తే అది కక్ష తీర్చుకునే సాధనమవుతుంది.

ఊదించే ముందు 15 నిమిషాలు ఏమీ తిననివ్వకూడదు, తాగనివ్వకూడదు. మౌత్‌వాష్, హోమియో చుక్కల మందు నోట్లో మిగిలినా అంకె లేస్తుంది. మనిషికో కొత్త గొట్టం ఇచ్చి, ఊదకముందు మిషన్‌లో ఖాళీ రీడింగ్ సున్నా ఉందని చూపించాలి. అంకె వస్తే 15 నిమిషాలాగి మళ్లీ ఊదించండి. నోట్లోని మద్యం అప్పటికి పోతుంది, రక్తంలోది పోదు. రెండోసారీ వస్తే స్టేషన్ జనరల్ డైరీ (జీడీ)లో రాసి, వెంటనే ప్రభుత్వాసుపత్రిలో రక్తం తీయించాలి. చర్మాన్ని స్పిరిట్‌తో తుడవనివ్వొద్దు. సీసాలో సోడియం ఫ్లోరైడ్ ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే నిల్వలో పులిసి అంకె మారుతుంది. వాసన, తూలడం మాత్రమే రుజువుకు చాలవని సుప్రీంకోర్టు 1971లోనే చెప్పింది.

“రాత్రి తాగింది సార్, ఇప్పుడు కాదు” అన్న మాట తరచూ నిజమే. 100 మి.లీ. రక్తంలో మద్యం గంటకు సుమారు 15 మి.గ్రా. చొప్పున దిగుతుంది. అర్ధరాత్రి 120 ఉన్నవాడికి ఉదయం 6 గంటల రోల్‌కాల్‌కి ఇంకా 30 దాకా మిగులుతుంది. యాలకులు, నిమ్మరసం వాసనను కప్పుతాయి గానీ అంకెను తగ్గించవు.

మోసాలు ఎక్కువగా జరిగేది మూత్ర పరీక్షలోనే. బాత్‌రూమ్‌లో కుళాయి కట్టేసి, ఫ్లష్ ట్యాంకులో నీలం రంగు కలపాలి. జేబులు ఖాళీ చేయించాలి. కనీసం 45 మి.లీ. కావాలి. ఇచ్చిన 4 నిమిషాల్లోపు వేడి చూస్తే 32 నుంచి 38 డిగ్రీల మధ్య ఉండాలి, తగ్గితే బయటి నుంచి తెచ్చినదని అనుమానించాలి. అతని కళ్లెదుటే 30, 15 మి.లీ.గా రెండు సీసాల్లో పోసి, సీలు వేసి, సీలు మీద అతని సంతకం తీసుకోవాలి. సీసా చేతులు మారిన ప్రతిసారీ పేరు, టైము రాయాలి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా డిఫెన్స్ పట్టుకునేది దాన్నే.

మూత్రంలో మత్తుమందు ఉందో లేదో అక్కడికక్కడే చూపే పట్టీని (స్ట్రిప్) చదవడంలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. మత్తుమందు పేరున్న చోట గీత ఎంత పలచగా కనిపించినా అది నెగటివే. గీత అసలు రాకపోతేనే పాజిటివ్. స్ట్రిప్ సరిగా పనిచేసిందని చూపే కంట్రోల్ గీత లేకపోతే ఆ స్ట్రిప్ పారేయండి. అప్పుడప్పుడూ గంజాయి తాగేవాడికి మూడు రోజుల వరకు, రోజూ తాగేవాడికి నెల వరకు పట్టుబడుతుంది. అంటే పాజిటివ్ వచ్చినంత మాత్రాన డ్యూటీలో మత్తులో ఉన్నాడని తేలినట్టు కాదు, వాడాడని మాత్రమే తెలుస్తుంది. చార్జ్ మెమో (ఉద్యోగికిచ్చే అభియోగ పత్రం) భాష కూడా అలాగే ఉండాలి.

స్ట్రిప్ ఫలితంతోనే ఎవరినీ సస్పెండ్ చేయకూడదు. కోడీన్ దగ్గు మందు, చివరికి కూరలో వేసిన గసగసాలు కూడా ఓపియేట్ (నల్లమందు జాతి మందుల) గీతను మాయం చేయగలవు. కాబట్టి వాడుతున్న మందుల జాబితా పరీక్షకు ముందే రాయించుకోవాలి. మొదటి సీసాను మందును కచ్చితంగా గుర్తించే జీసీ-ఎంఎస్ యంత్రం ఉన్న ల్యాబ్‌కు పంపి, రెండోది ఉద్యోగి అడిగితే వేరే ల్యాబ్‌లో చేయించడానికి ఫ్రీజర్‌లో ఉంచాలి. రిపోర్టు వచ్చేదాకా ఆయుధం, స్టీరింగ్ ఇవ్వకుండా ఆఫీసు పనిలో పెడితే చాలు. డిస్మిస్ దాకా వెళ్లాలంటే రాజ్యాంగం 311వ అధికరణ ప్రకారం విచారణ జరపాలి. పరీక్ష రాకముందే తానుగా వచ్చి చికిత్స అడిగినవాడికి ఉత్తర్వులోనే విడిగా దారి పెట్టండి, లేకపోతే ఎవడూ నోరు విప్పడు.