తోట కాపలా కుక్కను ఇంట్లో ఉండేలా అలవాటు చేయడం ఎలా?

ఉద్దానం జీడి తోటలో ఆరేళ్లు కాపలా కాసిన కుక్కని శ్రీకాకుళం తెచ్చి, టైల్స్ వేసిన హాల్లో కట్టేసి, రెండో రోజుకే ‘ఇది ఇంటికి పనికిరాదండీ’ అనేస్తారు. పాపం, దానికి ఎవరైనా నేర్పితే కదా!

ముందు పశువుల డాక్టరుకి చూపించి రేబిస్ టీకా, పురుగుల మందు, పిడుదుల మందు వేయించండి. గోళ్లు తీయించి, పాదాల కింద వెంట్రుకలు కత్తిరించండి. గుమ్మం నుంచి పడక దాకా గోనె సంచులు పరవండి. నున్నటి నేల మీద పెద్ద కుక్క ఒక్కసారి కాళ్లు చీలిపోయి పడిందంటే మళ్లీ ఆ గదిలోకి రాదు. మెత్తటి డాగ్ బెడ్ కొనొద్దు. తోటలో పడుకున్న గోనెపట్టాని ఉతక్కుండా తెచ్చి వేయండి. తిండి కూడా పాతదే పెట్టండి. చోడి (రాగి) అంబలి తాగిన కడుపుకి ఒక్కసారిగా ప్యాకెట్ తిండి పెడితే విరేచనాలే. ఉల్లిపాయ పడిన కూర మాత్రం వద్దు, అది కుక్క రక్తాన్ని పాడుచేస్తుంది.

గడప దాటించడానికి గొలుసు పట్టి లాగకండి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చిన రాత్రి మేం చేసిన తప్పు అదే. గాలికి భయపడి కుక్కని ఈడ్చి లోపల పడేశాం. తెల్లారేసరికి తోటలో చెట్లు నేలకూలాయి, కుక్కేమో ఏడాది పాటు గడప తొక్కలేదు. తిండి గిన్నె మొదట గడప బయట పెట్టి, రోజుకి కొంచెం లోపలికి జరపండి. తలుపు తెరిచే ఉంచండి.

ఇంట్లో పాడుచేస్తుందని అందరూ టెన్షన్ పడతారు. పొద్దున్నే, తిన్నాక, పడుకోబోయే ముందు బయటికి తిప్పితే చాలు, చాలా కుక్కలు పడుకునే చోట చేయవు.

ఇక అసలు తిప్పలు రాత్రిపూటే.

తోట కుక్క పగలు కునుకు తీసి రాత్రి డ్యూటీ చేస్తుంది. నాలుగు గోడల మధ్య పెడితే దానికి చప్పుడు వినిపిస్తుంది, మనిషి కనిపించడు. అందుకే అరుస్తుంది. మీరు మంచం మీంచే ‘ఛీ, నోర్ముయ్’ అని అరిస్తే, యజమాని కూడా మొరుగుతున్నాడనుకుని ఇంకాస్త గట్టిగా అందుకుంటుంది. లేచి వెళ్లండి. దానితోపాటు గ్రిల్ దగ్గర నిలబడి వీధిలోకి చూడండి. నెమ్మదిగా ‘సరే, చాలు’ అనండి, వచ్చి పడుకోండి. ప్రతిసారీ అదే మాట, అదే గొంతు. ఆ సమయంలో గ్రిల్ తీశారో, చీకట్లోకి దూసుకుపోతుంది.

పడక వీధి తలుపు కనిపించే చోటే ఉండాలి. ఇందులో నేను రాజీపడను. విజయనగరంలో మా బంధువులు మెట్ల కింద మూల కట్టేశారు, అది రాత్రంతా గోడ గీరింది. పక్కన ఎవరో ఒకరు చాప వేసుకుని పడుకోవాలి. మాకు పదకొండు రాత్రులు పట్టింది. మూడో రాత్రి మా ఆవిడ నన్నూ కుక్కనీ కలిపి బయటికి పొమ్మంది.

చీకట్లో దాని మీదుగా దాటకండి, నిద్రలో ఉండగా తట్టకండి. ముందు పేరు పెట్టి పిలవండి, తల ఎత్తాక కదలండి. పిల్లల్ని దానితో ఒంటరిగా వదలొద్దు. గుర్రుమంటే కొట్టకండి, అది ముందుగా చెబుతోంది. దెబ్బలతో గుర్రు మాన్పిస్తే, రేపు ఏ హెచ్చరికా లేకుండా కరుస్తుంది.

పాలవాడు వచ్చే వేళకి కుక్క మెడపట్టీ మీ చేతిలో ఉండాలి. ‘ఏం చెయ్యదులే, లోపలికి రా’ అనకండి. వారం రోజులు అతన్ని గ్రిల్ బయటే నిలబెట్టి, పాలగిన్నె మీరే అందుకోండి.