అపార్ట్‌మెంట్‌లో పెద్ద ఖర్చు ఉంటే మీటింగ్ పెట్టాలా, స్లిప్పులు వేయించాలా

పోయిన ఎండాకాలం మా బోరు ఎండిపోయింది, కొత్తది వేద్దామా ట్యాంకర్లతోనే నెట్టుకొద్దామా అని వాట్సాప్ గ్రూప్‌లో పోల్ పెడితే పొద్దున్నకల్లా బోరు గెలిచింది, తీరా డబ్బులడిగితే "ఇంతవుద్దని ఎవరు చెప్పిన్రు" అని ఒకటే లొల్లి. పోల్‌లో రేటు రాయలేదు మరి.

అందుకే మీటింగూ, స్లిప్పుల మీద ఓటూ రెండూ చేయండి, కానీ వరసగా. అమెరికాలో న్యూ ఇంగ్లండ్ ఊళ్లలో ఇప్పటికీ జనమే కూర్చుని ఊరి బడ్జెట్ తేల్చే టౌన్ మీటింగ్ ఉంది. అంతసేపు కూర్చునే తీరిక అందరికీ ఉండదుగా, అందుకని అక్కడి న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో 1995లో ఎస్‌బీ 2 అని చట్టం తెచ్చారు, కావాలనుకున్న ఊళ్లు ముందు మీటింగ్‌లో చర్చించి తీర్మానం మార్చుకుంటాయి, కొన్ని వారాలకి బ్యాలెట్. మనకి సరిగ్గా సరిపోయేది ఇదే.

ముందు మీటింగ్. వారం ముందే రెండు కొటేషన్లు లిఫ్ట్ పక్కన అంటించండి. ఆదివారం సెల్లార్‌లో కుర్చీలేసి పై ఫ్లోర్ వాళ్లతో మొదలుపెట్టించండి, నల్లా ముందు ఆగేది వాళ్లకే. ప్రెసిడెంట్ గారు ఆఖర్న మాట్లాడాలి, ఆయన ముందే చెప్పేస్తే సగం మంది నోరు మూసుకుంటారు. కిరాయికున్నోళ్లకి ఓటు లేకపోయినా మాట్లాడనివ్వండి, ఆ నీళ్లు వాడేది వాళ్లే కదా. వాల్టా (నీళ్లు, నేల, చెట్లని కాపాడే) చట్టం కింద బోరుకి పర్మిషన్ కావాలి, అది ఎవరు తెస్తారో, ఫ్లాట్‌కి ఎంతో, ఎన్ని వాయిదాలో అన్నీ ఒకే వాక్యంలో మినిట్స్ బుక్‌లో రాసి అందరికీ చదివి వినిపించండి. స్లిప్పు మీద అదే వాక్యం రావాలి, ఒక్క అక్షరం మారకూడదు.

ఇక్కడో మెలిక ఉంది. న్యూ హాంప్‌షైర్‌లో చర్చకి వచ్చేది కొద్దిమందే, వాళ్లే కొన్నిసార్లు తీర్మానంలో మొత్తాన్ని సున్నా చేసేస్తారు, బ్యాలెట్ రోజు వచ్చినోళ్లకి ఓటేయడానికి ఆ సున్నానే మిగులుద్ది. కోరం, అంటే కనీసం రావాల్సినంత మంది, లేకుంటే తీర్మానం ముట్టుకోవద్దని ముందే రూల్ పెట్టుకోండి.

తర్వాతి ఆదివారం స్లిప్పులు. చేతులెత్తమంటే ఎదురింటి అంకుల్ మొహం చూసి ఎత్తేవాళ్లే ఎక్కువ. చెప్పుల డబ్బాకి పైన కోసి వాచ్‌మన్ టేబుల్ మీద పొద్దున్నుంచి రాత్రి దాకా పెట్టండి, ఫ్లాట్‌కి ఒకటే స్లిప్పు. వాళ్లే వచ్చి వేస్తారని మాత్రం కూర్చోకండి, 2020 డిసెంబర్‌లో జీహెచ్‌ఎంసీ ఎలక్షన్లకే సగం మంది కూడా రాలేదు, సాయంత్రం తలుపులు కొట్టాల్సిందే. లిఫ్ట్‌కి ఫ్యాన్ లాంటి చిన్నవాటికి ఇదంతా వద్దు, చేతులెత్తితే చాలు.

బోరు గెలిస్తే, వద్దన్నోళ్లలో ఒకరిని బండి దగ్గర నిలబెట్టండి. బిల్లు అడుగుల లెక్కన వేస్తారు, ఎన్ని పైపులు దిగినయో వాళ్లకంటే గట్టిగా లెక్కపెట్టేవాళ్లు దొరకరు.