తొడ ఎముకకు నెయిలింగ్ – ఆరో పాఠం: కాలు మెలిక పడకుండా చూసుకోవడం

గత పాఠంలో రీమింగ్ (మూలుగ నాళాన్ని తొలిచి వెడల్పు చేయడం) ముగించి నెయిల్‌ను, అంటే ఎముక లోపల నిలిచే లోహపు కడ్డీని, విరుపు దాటించాం. నెయిల్‌ను ఎముకకు బిగించే పై లాకింగ్ స్క్రూ పడింది. ఇక కింది స్క్రూలు కూడా వేసేస్తే పని అయిపోతుందని చేతులు తొందరపడతాయి. సరిగ్గా ఇక్కడ ఆగండి. ఈ పాఠమంతా ఆ ఆగడం గురించే.

1939లో జర్మన్ సర్జన్ గెర్హార్డ్ కున్‌చర్ ప్రవేశపెట్టిన నెయిల్‌కు స్క్రూలు లేవు. అది మూలుగ నాళంలో బిగుసుకుని నిలిచేది. అందువల్ల ఎముక వంగకుండా ఆపగలిగేదే గాని, ముక్కలుగా నలిగిన విరుపులో కాలు పొట్టి కాకుండా, తిరిగిపోకుండా గట్టిగా పట్టి ఉంచలేకపోయేది. లాకింగ్ ఆ కొరత తీర్చింది. అయితే కింది ముక్క తిరిగి ఉన్నప్పుడు లాక్ చేస్తే, ఆ తప్పును కూడా అంతే గట్టిగా పట్టి ఉంచుతుంది.

శిక్షణ రోజుల్లో నేను సహాయకుడిగా ఉన్న ఒక కేసు ఇప్పటికీ మరచిపోలేదు. ఆపరేషన్ తర్వాత తీసిన ఎక్స్-రేలో నెయిల్ నిటారుగా, విరుపు అంచులు దగ్గరగా కనిపించాయి. అందరం తృప్తిపడ్డాం. వారాల తర్వాత రోగి చేతికర్రలతో నడిచి వచ్చినప్పుడు మోకాలి చిప్ప, పాదం రెండూ బయటి పక్కకు చూస్తున్నాయి. తుంటి ఎక్స్-రే, మోకాలి ఎక్స్-రే విడివిడిగా తీస్తాం. ఏ భాగానికి ఆ భాగాన్ని సరిగ్గా అమర్చుకుని తీస్తాం. రెండింటి మధ్య ఉన్న మెలిక అందుకే కనబడలేదు.

పెద్దవాళ్లలో తొడ ఎముక మెడ మోకాలితో పోలిస్తే సాధారణంగా 10 నుంచి 15 డిగ్రీలు ముందుకు తిరిగి ఉంటుంది. మనిషికీ మనిషికీ ఇది చాలా మారుతుంది. ఒకే మనిషి రెండు కాళ్లలో మాత్రం దాదాపు సమానం. కాబట్టి మన కొలబద్ద పుస్తకంలోని అంకె కాదు, రోగి రెండో కాలు.

గుడ్డలు కప్పకముందే బాగున్న కాలి మోకాలికి సి-ఆర్మ్ (థియేటర్‌లో జరిపి వాడే ఎక్స్-రే యంత్రం) పెట్టి, చిప్ప సరిగ్గా మధ్యలోకి వచ్చేలా కాలు అమర్చండి. తర్వాత కాలు కదపకుండా యంత్రాన్ని మాత్రమే తుంటి దగ్గరికి జరిపి, చిన్న ట్రోకాంటర్ (తొడ ఎముక పైభాగంలో లోపలి వైపు, వెనక్కి పొడుచుకు వచ్చే బుడిపె) ఆకారం కనిపించే బొమ్మను భద్రపరచండి. నెయిల్ వెళ్లాక విరిగిన కాలికీ ఇదే చేసి రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టండి. విరిగిన వైపు ట్రోకాంటర్ చిన్నగా కనిపిస్తే కింది ముక్క బయటికి తిరిగింది; పెద్దగా కనిపిస్తే లోపలికి తిరిగింది. విరుపు అడ్డంగా ఉంటే దాని పైనా కిందా ఎముక గోడల మందం కూడా సరిపోల్చండి. ఎముక పూర్తి గుండ్రం కాదు, అందుకే మెలిక పడితే మందం కలవదు. ముక్కలైన విరుపులో ఈ గుర్తు పనికిరాదు, ట్రోకాంటరే దిక్కు.

తేడా కనబడితే పైముక్కలో ఒక షాంజ్ పిన్ (ముక్కను పట్టి తిప్పడానికి ఎముకలోకి బిగించే మరల పిన్), కింది ముక్కలో ఒకటి వేసి తిప్పి, మళ్లీ బొమ్మ చూసి, అప్పుడే లాక్ చేయండి. రోగికి మెలకువ రాకముందే తుంటి, మోకాలు 90 డిగ్రీలు వంచి రెండు వైపులా తిరుగుడు పోల్చండి. అనుమానం మిగిలితే రెండు కాళ్లకూ సి.టి. తీయించాలి. తేడా 15 డిగ్రీలు దాటితే ఎముక అతకకముందే సరిచేయడం మేలు. అప్పుడు కింది స్క్రూలు తీసి తిప్పితే చాలు. అతికాక అయితే ఎముకను మళ్లీ కోయాలి.

బల్ల మీద ఉండగానే మరొకటి చూడండి: అదే వైపు తొడ ఎముక మెడలో దాగిన విరుపు. నెయిలింగ్‌కు ముందూ తర్వాతా మెడను సి-ఆర్మ్‌లో విడిగా చూడకుండా థియేటర్ వదలవద్దు. మొదటి 24 నుంచి 72 గంటల్లో ఆయాసం, మతి తడబాటు, ఛాతీ మీద ఎర్రని చుక్కలు కనిపిస్తే కొవ్వు ఎంబాలిజం (మూలుగ కొవ్వు రక్తంలో చేరి ఊపిరితిత్తులు, మెదడులోని నాళాలకు అడ్డుపడటం) అని అనుమానించాలి. దాని గురించి ఏడో పాఠంలో వివరంగా చెబుతాను.

ఈ వారం అభ్యాసం: ఎండు తొడ ఎముక ఒకటి తీసుకుని, వెనుక భాగం బల్లకు ఆనేలా పడుకోబెట్టండి. పైనుంచి చూస్తూ చిన్న ట్రోకాంటర్ ఎంత కనిపిస్తోందో కాగితం మీద గీయండి. మోకాలి వైపు చివర ఉన్న రెండు గుండ్లలో బయటిదాని కింద అగ్గిపెట్టె పెట్టి మళ్లీ గీయండి. తర్వాత లోపలి గుండు కింద పెట్టి గీయండి. బయటి గుండు కింద పెట్టినప్పుడు ట్రోకాంటర్ వెనక్కి దాక్కుంటుంది, లోపలి గుండు కింద పెట్టినప్పుడు పొడుచుకు వస్తుంది. బొమ్మ చూడగానే ఎముక ఎటు తిరిగిందో తడుముకోకుండా చెప్పగలిగే వరకు గీస్తూ ఉండండి.