కబడ్డీ ఆడే అమ్మాయికి కాలేజీ సీటు: తొమ్మిదో తరగతి నుంచే చూసుకోవాల్సినవి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల జడ్పీ స్కూలు గ్రౌండ్లలో బాగా కూతకెళ్లే అమ్మాయిలకు కొదవలేదు. ఇంటర్ అయ్యేసరికి ఆ ఆట మీద సీటు తెచ్చుకునేవాళ్లు మాత్రం కొద్దిమందే. స్పోర్ట్స్ కోటాలో ముందుగా చూసేది సర్టిఫికెట్‌నే. దాన్ని ఇంటర్ రెండో ఏడాదిలో వెతుక్కుంటే దొరకదు.

సర్టిఫికెట్‌కు రెండు దారులున్నాయి. ఒకటి స్కూల్ గేమ్స్: అండర్-14, 17, 19 విభాగాలు, మండలం నుంచి జిల్లా, రాష్ట్రం, జాతీయ స్థాయి దాకా. రెండోది కబడ్డీ అసోసియేషన్ పోటీలు: సబ్ జూనియర్‌కు 16 ఏళ్లు, 55 కిలోలు మించకూడదు, జూనియర్ బాలికలకు 20 ఏళ్లు, 65 కిలోలు. ఎంపికలు ఎప్పుడో పీఈటీ సార్‌ని, జిల్లా స్టేడియంలోని క్రీడాధికారి ఆఫీసులో అడిగి తెలుసుకోండి. తూకం దగ్గర అరకిలో ఎక్కువున్నా వెనక్కి పంపేస్తారు. చివరి రెండు రోజులు తిండీ నీళ్లూ మాన్పిస్తే బరువు తగ్గొచ్చుగానీ, కోర్టులోకి దిగాక కళ్లు తిరుగుతాయి, కూత నిలవదు. రెండు నెలల ముందు నుంచే వారానికోసారి తూకం చూసుకోండి.

సర్టిఫికెట్ చేతికి రాగానే గ్రౌండు దాటకముందే చదవండి. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఇందులో పొడి అక్షరమే ఉన్నా, పుట్టిన తేదీ ఒక్క అంకె తేడా వచ్చినా వెరిఫికేషన్‌లో చిక్కే. పోటీ పేరు, జరిగిన ఊరు, తేదీలు, సాధించిన స్థానం, సంతకం, సీలు అన్నీ ఉండాలి. టీమ్ ఎంట్రీ ఫారం జిరాక్స్ ఒకటి దగ్గర పెట్టుకోండి. ఆడినట్టు రుజువు అడిగితే అదే ఆధారం.

ఇంటర్ ఎక్కడ చేర్పిస్తున్నారన్నది అన్నిటికంటే పెద్ద నిర్ణయం. గ్రౌండు లేని రెసిడెన్షియల్ కాలేజీలో వేస్తే అండర్-19 ఆడే వయసు తరగతి గదిలోనే గడిచిపోతుంది. చేరే ముందే ఫిజికల్ డైరెక్టర్ ఉన్నారా, గత ఏడాది టీమ్‌ను పంపారా అని నేరుగా అడగండి.

ఇంజనీరింగ్‌కైతే ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో స్పోర్ట్స్ కేటగిరీ ఎంచుకోవాలి. ఈ కేటగిరీకి వెరిఫికేషన్ తేదీలు వేరుగా ఇస్తారు, ప్రాధాన్య క్రమం శాప్ (రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ) నిర్ణయిస్తుంది. ఆ రోజు ఒరిజినల్స్‌తో వెళ్లకపోతే కోటా చేజారినట్టే. డిగ్రీకి నెల్లూరులో విక్రమ సింహపురి, ఒంగోలులో ఆంధ్రకేసరి యూనివర్సిటీ పరిధి కాలేజీలున్నాయి. అంతర కళాశాల పోటీల్లో రాణిస్తే యూనివర్సిటీ జట్టులోకి, అక్కడి నుంచి అంతర విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్లొచ్చు. రెగ్యులర్ చదువై ఉండాలి, 25 ఏళ్లు దాటకూడదు.

చెన్నై ప్రైవేటు యూనివర్సిటీలు, కర్ణాటకలోని మూడబిదిరె ఆళ్వాస్ లాంటి సంస్థలు ఆట మీదే ఫీజు రాయితీలిస్తాయి. వాళ్ల కోచ్‌కి మూడు నిమిషాల వీడియో పంపండి. ఫోన్‌ను ఎండ్ లైన్ (కోర్టు చివరి గీత) వెనక ఎత్తుగా, కదలకుండా పెట్టి మొత్తం కోర్టు కనిపించేలా తీయాలి. అమ్మాయి చెస్ట్ నంబరు, ఎత్తు, బరువు, ఆడే స్థానం ముందే రాయండి. పాటలు కలపొద్దు. అడిగితే పంపడానికి ఒక పూర్తి మ్యాచ్ కూడా ఉంచుకోండి.

ట్రయల్స్‌కి వచ్చేవాళ్లలో చాలామంది రైడర్లమనే (కూతకెళ్లేవాళ్లమనే) అంటారు. కోర్టు మూలన నిలబడి రైడర్‌ని పట్టే, నిలకడగల కార్నర్‌ ఎప్పుడూ కొరతే, అందుకే ఆ స్థానం నేర్చుకున్న అమ్మాయికి అవకాశం ఎక్కువ. జూనియర్ బాలికలు, మహిళల కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. రైడర్ దాటితే అదనపు పాయింటు వచ్చే బోనస్ లైన్ వెనక కార్నర్‌కి మిగిలేది రెండు మీటర్లే. రైడర్ బోనస్‌కి కాలు చాచగానే దూకితే ఆమె ముట్టుకుని వెళ్లిపోతుంది. ఆ కాలి మీద ఒళ్లు బరువు పడేదాకా ఆగాలి. అప్పుడు మోకాళ్లు వంచి, రెండు చేతులతో మడమ పైన బిగించి, తన ఛాతీ వైపు లాక్కోవాలి. పక్కనున్న కవర్ (కార్నర్ పక్కన నిలబడే డిఫెండర్) అదే క్షణంలో రాకపోతే పట్టు ఊడుతుంది. అందుకే ఈ సాధన ఇద్దరూ కలిసి చేయాలి.

సీటు ఇస్తామన్నాక కాగితం మీద రాయించుకోండి: ట్యూషన్ ఫీజు ఒక్కటేనా, హాస్టల్, మెస్, పరీక్ష ఫీజులు కూడానా? గాయమై ఒక ఏడాది ఆడలేకపోతే రాయితీ ఉంటుందా? మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి? ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి తిరిగిచ్చేయాలన్నది యూజీసీ నిబంధన. మా దగ్గరే ఉంచుకుంటామంటే ఒప్పుకోకండి.